మెట్టు మీది మనిషి

తలుపు చప్పుడు వినగానే బస్సు డ్రైవరు వెనక గదిలోకి జారుకున్నాడు.

"లేనని చెప్పు," అన్నాడు భార్యతో.

ఆమె చెప్పింది. వచ్చిన పెద్దాయన సరేనని, బీపీ మిషను సంచీ ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

ఆస్పత్రి తరఫున ప్రతి శనివారం వస్తాడాయన. డ్రైవరు ఆయనకు 'శనివారం శని' అని పేరు పెట్టాడు.

ఎంతసేపైనా ఆ శని కదల్లేదు. డ్యూటీ వేళ దాటిపోతుంటే డ్రైవరే నేలచూపులు చూస్తూ బయటికొచ్చాడు.

పెద్దాయన సంచీలోంచి మిషను తీశాడు. చేతికి పట్టీ చుట్టి చూశాడు. బీపీ ఆకాశంలో ఉంది.

"మాత్రలు మానేశావు కదూ?"

"డిపోలో చెప్పి నన్ను బస్సు దింపించడానికి వచ్చారా?"

"దింపడానికి కాదు బాబూ. క్షేమంగా బస్సు మీదే ఉంచడానికి."

ఆ మాటంటూ పెద్దాయన పట్టీని మడవబోయి రెండుసార్లు జారవిడిచాడు. ముసలితనం అనుకున్నాడు డ్రైవరు.

ఎందుకు మానేశావని అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆ మాత్ర వేసుకుంటే కాళ్లు వాస్తున్నాయని, బ్రేకు తొక్కడం కష్టమవుతోందని డ్రైవరు నోరు విప్పాడు.

పెద్దాయన అక్కణ్ణుంచే డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. ఆమె మందు మార్చి, బీపీ తగ్గేదాకా బస్సు ముట్టుకోవద్దంది. మందుల షాపాయన కొత్త మాత్ర ఎలా వేసుకోవాలో విడమరిచి చెప్పాడు. వంటలో ఉప్పు తగ్గించడం ఆస్పత్రి నర్సు డ్రైవరు భార్యకు నేర్పింది. అలా తలా ఓ చెయ్యి వేస్తే బీపీ దారికొచ్చింది, డ్రైవరు మళ్లీ స్టీరింగు పట్టాడు.

ఆ తర్వాత అతను దాక్కోలేదు. అలాగని పెద్దాయనను లోపలికి రమ్మనీ అనలేదు, పేరైనా అడగలేదు.

ఒక శనివారం పెద్దాయన రాలేదు. పీడ వదిలిందనుకున్నాడు.

మరుసటి శనివారమూ రాలేదు. తలుపు చప్పుడైనట్టనిపించి వెళ్లి తీస్తే మెట్టు ఖాళీ.

అప్పటినుంచి బస్సు నడుపుతుంటే తన సీటు వెనకే ఎవరో నిలబడి ఊపిరి బిగబట్టినట్టు ఉండేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఇక ఉండబట్టలేక ఆస్పత్రికి వెళ్లాడు.

పెద్దాయన నిద్రలోనే పోయారని నర్సు చెప్పింది.

ఆయన ఇక్కడ ఎన్నాళ్లు ఉద్యోగం చేశారని అడిగాడు డ్రైవరు. ఉద్యోగి కాదంది ఆమె. తనంతట తానే వచ్చి వాళ్లతో చేరారట. డ్రైవర్ల ఇళ్లే తనకు అప్పగించమని బతిమాలేవారట.

"డ్రైవర్లే ఎందుకు?"



"ఆయనా ఒకప్పుడు బస్సు నడిపినవారే. మాత్రలు మానేసి, ఒకరోజు స్టీరింగు మీదే సోలిపోయారు. ఆ బస్సులోంచి ప్రాణాలతో బయటపడింది ఆయనొక్కరే."