ఇల్లుబండి ఆయా

వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాది అది.

ఇళ్లు మునిగిన జనం బడిలో తలదాచుకున్నారు. వాళ్లలో నెలలు నిండిన ఆడవాళ్ల కోసం ఇద్దరు నర్సులు, ఓ డ్రైవరు వంతెన పోకముందే ఇల్లుబండిలో వచ్చి, బడి ముందే మకాం పెట్టారు.

బండిలో మంచాలు, పొయ్యి, ఓ మూల చిన్న మరుగుదొడ్డి. దాని కింద బయటికి లాగి తీసే చిన్న ట్యాంకు నిండిపోయింది. కడిగే మనిషిని నర్సుల ఆఫీసు పంపుతానంది గానీ, ఎవరూ రాలేదు.

"అన్నా, నువ్వు తీయకూడదా?" అంది చిన్న నర్సు.

"స్టీరింగు పట్టే చేతులమ్మా ఇవి!" అన్నాడు డ్రైవరు.

బయట మరుగు లేదు. నర్సులు మంచినీళ్లు తాగడం మానేశారు. చిన్న నర్సు కళ్లు తిరిగి పడింది.

"ఇక మావల్ల కాదు. రేపు పడవెక్కేస్తాం," అంది పెద్ద నర్సు.

"మరి కాన్పులు?" అన్నాడు డ్రైవరు.

ఆమె సంచి సర్దుకోసాగింది.

అప్పుడే బడిలోంచి ఓ పెద్దావిడ వచ్చింది. ముక్కుతో గాలి పీల్చింది.

"ఈ ట్యాంకు ఎవరు కడుగుతున్నారు?"

"వచ్చావా ఆయా! ఆఫీసు నిన్ను పంపేసరికి మా ప్రాణాలు పోయాయి. కానియ్, పని చూడు!" అన్నాడు డ్రైవరు.

ఆవిడ అతన్ని ఓ క్షణం చూసింది. నవ్వి, కొంగు నడుముకు దోపింది.

లోపలికెళ్లి వచ్చి, బండి పక్క తలుపు తీసి ట్యాంకు పట్టుకుంది.

"ఏయ్, లాగకు! ఒలుకుతుంది!"

"లోపలి మూత జరిపే వచ్చాను నాయనా. చుక్క రాదు."

రాలేదు. దూరంగా తవ్విన గోతిలో పోసి, తేట నీళ్లు వచ్చేదాకా కుదిపి కుదిపి కడిగింది. మందు నీళ్లు పోసింది. మూత చుట్టూ ఉన్న రబ్బరును తుడిచి జిడ్డు రాసింది.

"దానికి తలంటు కూడానా?"

"ఎండితే కారుతుంది. కారితే కంపు."

"ఇంకా నయం, జడ వేయలేదు!"

నర్సులు పకపకా నవ్వారు. కడుపునిండా నీళ్లు తాగారు. పడవ వచ్చింది, ఖాళీగా పోయింది.

ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చేది. ఆ బండిలో పుట్టిన ప్రతి బిడ్డా బడి దద్దరిల్లేలా ఏడ్చింది.

"మా బండంటే ఏమనుకున్నారు!" అని మీసం దువ్వాడు డ్రైవరు.

ఓ సాయంత్రం ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "నీళ్లు తీశాయి. ఇల్లు కడుక్కోవాలి, పొద్దున్నే పడవెక్కుతా, వెళ్లొస్తా," అంది.

"ఉండిపో పెద్దమ్మా," అన్నారు నర్సులు.

"ఆఫీసులో చెప్పి నీ ఉద్యోగం పర్మనెంటు చేయిస్తా ఆయా!" అన్నాడు డ్రైవరు.

"బండి జాగ్రత్త నాయనా," అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున పడవ దిగిన ఓ మనిషి చీపురుతో డ్రైవరు ఎదురుగా నిలబడ్డాడు.

"ఆఫీసు పంపింది. కడిగే పనికి."

"నువ్వా? మరి ఆయా?"

"ఆయా ఎవరండీ?"

"నిన్నటిదాకా చేసిన పెద్దావిడ. అదిగో, అవతల రేవులో పడవ దిగుతోందే..."

అతను కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఎంత మాట! సొంత ఇల్లు మునిగిన రోజే తన ఈ బండి తాళాలు తెచ్చి, నర్సమ్మలకివ్వండి అని మా ఆఫీసులో పెట్టింది ఆవిడేనండీ!"



కొత్త మనిషి ట్యాంకు మీద చెయ్యి వేయబోయాడు.

"ఆగు. అది నా పని," అన్నాడు డ్రైవరు. లోపలి మూత జరిపి వచ్చి, ట్యాంకు ఎత్తుకుని, ఊరంతా చూస్తుండగా తలెత్తుకుని గోతివైపు నడిచాడు.