ఉల్లిపాయ వేసిన చెయ్యి

“ముందు ఈ ఉల్లిపాయ సంగతి తేల్చాలి,” అన్నారు డ్రాయింగు మాస్టారు, కుర్చీని బొమ్మ ముందుకు లాక్కుంటూ.

టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన కోడలు అక్కడే ఆగిపోయింది. అంత పెద్ద బొమ్మలో గాజు సీసా ఉంది, రాగి గిన్నె ఉంది, మడతలు పడ్డ గుడ్డ మీద నిగనిగలాడే వంకాయలున్నాయి. అన్నీ వదిలేసి ఈయన చూపు సరిగ్గా దాని మీదే పడాలా!

బొమ్మ అత్తగారిది. ఉల్లిపాయ మాత్రం కోడలిది. మొన్న అత్తగారు బజారుకెళ్ళినప్పుడు, ఉతికిన దుప్పటి మోసుకుంటూ ఈ గదిలోంచే డాబా మీదికి వెళ్ళింది కోడలు. ఆరేస్తుంటే అంచున గులాబీ రంగు మరక కనిపించింది. పరుగున వచ్చి చూస్తే, బొమ్మలో ఉల్లిపాయ ఉండాల్సిన చోట ఉత్త తడి రంగు అలుకుడు మిగిలింది. పై ప్రాణాలు పైనే పోయాయి. తన రంగుల జోలికొస్తే కన్న కొడుకునే క్షమించని మనిషి అత్తగారు. ఏం చేస్తుంది పాపం! బల్ల మీద ఇంకా అలాగే పేర్చి ఉన్న ఉల్లిపాయని చూస్తూ, అత్తగారి కుంచెలతోనే గబగబా మళ్ళీ వేసేసింది.

కోడలి ఉద్యోగం కట్టుడు పళ్ళు తయారుచేయడం. పక్క పంటి రంగు చూసుకుని, పల్చగా పొర మీద పొర వేసి, ఏది సొంత పన్నో ఏది కాదో తెలియకుండా చేయాలి. ఎవరి కంటా పడకపోవడమే ఆ పనిలో గొప్ప. ఉల్లిపాయ కూడా అలాగే పక్కవాటిలో కలిసిపోతుందనుకుంది.

అత్తగారు ఆ రోజునుంచీ కిక్కురుమనలేదు. ఇవాళ మాత్రం, బొమ్మ చూపించే వంతు తనది కాకపోయినా, తోటి చిత్రకారులు ముగ్గురినీ టీకి రమ్మని కబురు పెట్టింది. అందరి ముందూ నిలదీయడానికేనని కోడలికి అర్థమైపోయింది.

వాళ్ళ గుంపులో ఒక కట్టుబాటు ఉంది. అందరూ చెప్పడం అయ్యేదాకా బొమ్మ వేసినవాళ్ళు నోరు విప్పకూడదు. అత్తగారు చేతులు కట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, బొమ్మని వదిలేసి ఒక్కొక్కరి మొహాన్నీ పట్టిపట్టి చూస్తోంది.

“ఆ పైపొట్టు చూడండి,” అన్నారు మాస్టారు, కళ్ళు సగం మూసి. “గిల్లితే ఊడొచ్చేలా ఉంది. దాని కింద లోపలి పొర తడితడిగా మెరుస్తోంది. చెల్లెమ్మా, ఇన్నేళ్ళుగా మీ బొమ్మలు చూస్తున్నాను. మీ గిన్నెకి వంకపెట్టే మొనగాడు లేడు. కానీ ఇది... ఇది వేరే!”

ఫోటో స్టూడియో ఆయన ముక్కు బొమ్మకి తగిలేంత దగ్గరగా వంగాడు. “ఇంత పల్చగా రంగు నిలబెట్టడం నా వల్ల కాదు బాబూ! వెలుగు పైన పడటం లేదండీ, లోపల్నుంచి వస్తోంది. నా దగ్గరున్న లైట్లన్నీ పెట్టినా ఫోటోలో ఇది రాదు. అసూయగా ఉంది అక్కగారూ, దాచుకోను.”

సంగీతం టీచరమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. “నాకు కళ్ళు మండుతున్నాయి వదినా!” అంటూ నిజంగానే కళ్ళు తుడుచుకుంది.

అందరూ గొల్లున నవ్వారు.

“నవ్వకండి. వంకాయలు బొమ్మలో ఉన్నాయి, ఉల్లిపాయ గదిలో ఉంది. నాకు తెలిసిన తేడా అదే.”

కోడలికి ఏమీ పాలుపోలేదు. ఒకపక్క సంతోషం తన్నుకొస్తోంది. తను చేసిన ఒక్క పన్నునైనా ఎవరూ ఇలా ఆగి చూసింది లేదు. చూశారంటే ఆ పన్ను చెడిందన్నమాటే. మరోపక్క, ఒక్కో పొగడ్తకీ అత్తగారి మొహం బిగుసుకుపోతోంది. చెరిపినందుకైతే నాలుగు చీవాట్లతో పోయేది. ఇప్పుడు ఆమె బొమ్మలోనే, ఆమె స్నేహితుల ముందే, ఆమెని చిన్నబుచ్చినట్టయింది. ఇక ఈ ఇంట్లో ఏ మొహం పెట్టుకుని తిరగాలి?

“అందరిదీ అయిందా?” అంది అత్తగారు.

“అయింది. ఇక మీరే చెప్పాలి. ఎలా వేశారమ్మా దీన్ని?” అన్నారు మాస్టారు.

“నేను వెయ్యలేదు.”

పళ్ళెంలో కప్పులు గలగలమన్నాయి. అందరూ గుమ్మం వైపు తిరిగారు.

“నన్ను క్షమించండి అత్తయ్యా!” అంది కోడలు. “దుప్పటి తగిలి మీ ఉల్లిపాయ చెరిగిపోయింది. చెప్పే ధైర్యం లేక నేనే వేసేశాను. కావాలని కాదు అత్తయ్యా. మీ కుంచెలు కూడా కడిగే పెట్టాను.”

అత్తగారు నోరు తెరుచుకుని చూసింది. వచ్చి పళ్ళెం అందుకుని బల్ల మీద పెట్టింది. కోడలి చేతిని తన చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

“నువ్వా! నీ దుప్పటికి అంత సీను లేదమ్మాయ్. ఎన్నిసార్లు వేసినా కుదరక, ఒళ్ళుమండి నేనే దాన్ని తుడిచిపారేసి బజారుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఉల్లిపాయ మొలిచి ఉంది! ఎప్పుడు పడితే అప్పుడు తలుపు తోసుకొచ్చే ఈ ముగ్గురిలో ఎవరో నా బొమ్మ మీద చెయ్యి చేసుకున్నారని, ఆ దొంగని పట్టుకుని దులిపేద్దామనే ఇవాళ టీకి పిలిచాను!”