నలభై రెండు చూపులు

“మా ఆయన్ని చంపెయ్యండి బాబూ. మీకు పుణ్యం ఉంటుంది.”

సీరియల్ మేనేజరు టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. “భలేవారే వదినగారూ! మా పాత్రకి ఇంకో నాలుగు సీన్లు కలపండని కాళ్ళావేళ్ళా పడేవాళ్ళనే చూశాను. తీసెయ్యమని వచ్చింది మీరొక్కరే.”

పక్క గదిలో పెళ్ళి సెట్టుకు మేకులు కొడుతున్నారు. ఆమె కుర్చీ కాస్త ముందుకు లాక్కుంది.

పరిశ్రమలో ఆమె భర్తకి జడ్జిగారనే పేరు. ఇరవై ఎనిమిదేళ్ళలో నలభై మూడు సినిమాల్లో తీర్పు చెప్పారు. ఎందరో హీరోలను ఉరి తప్పించారు గానీ, తన పేరు ఒక్క పోస్టరు మీదకి ఎక్కించుకోలేకపోయారు. ఈ సీరియల్లో పెద్దనాన్న వేషం దొరికాకే జనం ఆయన్ని గుర్తుపట్టడం మొదలైంది. తీరా చూస్తే, కొన్నాళ్ళుగా ఆ పెద్దనాన్నకి నోట మాటే లేదు. ఎవరో ఏదో అంటారు, ఆయన ముఖం చూపిస్తారు, ఆయన ఉలిక్కిపడతారు, అంతే.

“గొంతు మీద బతికిన మనిషి. గుంజలా నిలబెట్టేశారు,” అంది.

“మాటలెందుకండీ? అన్నగారి చూపే చాలు. ఆయన లేకపోతే ఆ ఇంటికి నిండుదనమే ఉండదు.”

“ఆ చూపులన్నీ ఒక్కరోజులో తీసుకున్నారుగా!”

“మరి? ఉలికిపాట్లు ఇరవై, కోపాలు పది, కన్నీళ్ళు పన్నెండు. ఎక్కడ ఏది కావాలంటే అక్కడ అతికించుకుంటాం. అందరూ చేసేదే. ఆరోజు ఎంత ఓపిగ్గా చేశారనీ!”

“జ్వరంతో చేశారు.”

మేనేజరు మళ్ళీ టీ గ్లాసు అందుకున్నాడు.

“మా అత్తగారికి ఎనభై దాటాయి బాబూ. రోజూ ఏడున్నరకి టీవీ ముందు కూర్చుంటుంది. అది అయిపోగానే కొడుకు వస్తాడని వీధి తలుపు వెయ్యనివ్వదు.”

“కన్నతల్లికి కొడుకు రోజూ కనిపిస్తున్నాడు. అంతకంటే ఏం కావాలండీ?”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అయినా అవసరం తనది, గొంతు తగ్గించింది.

“ఒక్క మాట అనిపించండి చాలు. పెద్దనాన్న పోయాడని ఫోనొచ్చినట్టు. దానికి ఎవరి డేట్లూ అక్కర్లేదు.”

“పెళ్ళి ఎపిసోడ్లు నడుస్తుంటే చావు కబురా? రేటింగు చచ్చూరుకుంటుంది! ఇంకో ఏడాది లాగొచ్చు ఆ చూపులతో. అన్నగారు సంతకం కూడా పెట్టారు, కావాలంటే చూపిస్తా.”

ఆమె కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి సీరియల్ మొదలైపోయింది.

“రావే, వచ్చాడు!” అని అత్తగారు కేకేసింది.

తెర మీద పెళ్ళికూతురు ఏదో అంది. జడ్జిగారు ఉలిక్కిపడ్డారు.

“ఎలా చిక్కిపోయాడో చూడు. ఆ నీలం చొక్కా ఎన్నాళ్ళు తొడుగుతాడే? ఇంటికి రాగానే విప్పించి ఉతుకు.”

“అత్తయ్యా, నేను చెప్పేది...”

“నోర్ముయ్! కళ్ళెదురుగా కనిపిస్తుంటే ఇంకా అదే మాటా?”

ఆమె వెళ్ళి వీధి తలుపు తెరిచిపెట్టింది.

కొడుకు చనిపోయి పది నెలలైందంటే ఆవిడ నమ్మడం లేదు.