ముందు కమ్మీ మీద సీటు

"ముందర కమ్మీ మీద సీటు బిగించల్ల. పెద్ద మనిషి కూచునేట్టుగా," అన్నాడు ఈరప్ప.

మస్తాన్ వలి పానా కింద పెట్టి తలెత్తాడు. అనంతపురం పాతూరులోని అతని సైకిల్ షాపుకు పిల్లల సీటు కోసం చాలామందే వస్తారు. పెద్దవాళ్ల సీటు అడిగినవాడు ఇతనొక్కడే.

"ఎవరికన్నా?"

"ఇంగెవరికి? నా పెండ్లానికి."

ఆయన మోచేయి పట్టుకుని నిలబడ్డ లక్ష్మీనరసమ్మ కొంగు సర్దుకుంది. ఇద్దరూ యాభైకి అటూ ఇటూగా ఉన్నారు. వెనక అంత గట్టి క్యారియర్ ఉంది కదా అని మస్తాన్ వలి గుర్తు చేశాడు. దాని మీద చీరల మూట ఉంటుందని, అయినా ఆమె వెనక కూర్చుంటే ఏం లాభమని ఈరప్ప విసుక్కున్నాడు.

సైకిల్ మాత్రం అపురూపమైనది. ఇంగ్లండు ర్యాలీ. మూడు గేర్లు. దూరాలు తిరగడానికే చేసిన బండి. గుత్తి రైల్వే క్వార్టర్సులో ఒకప్పుడుండిన గార్డు దొరది. చేతులు మారి మారి, తుప్పు పట్టి ఇక్కడికి చేరింది.

ధర్మవరం పట్టుచీరలు సైకిల్‌కు కట్టుకుని గుత్తి, రాయదుర్గం, బళ్లారి దాకా తిరిగిన మనిషి ఈరప్ప. రెండేళ్ల కింద ఉన్నట్టుండి వ్యాపారం మానేశాడు. పాత బండి అమ్మేసి బుక్కరాయసముద్రంలో అత్తగారింట్లో చేరాడు. కారణం ఆ ఇంటి గడప దాటలేదు. రోజంతా నట్టింట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగేవాడని, పడుకున్నా కాళ్లు పెడల్ తొక్కినట్టు ఆడేవని లక్ష్మీనరసమ్మ చెప్పింది. ఇట్లయితే మనిషి దక్కడని ఆమే ఈ ర్యాలీని వెతికి కొనిపించిందట.

బండి బాగయ్యేదాకా ఈరప్ప మస్తాన్ వలిని ఊపిరి పీల్చుకోనివ్వలేదు. పొద్దున్నే మొదటి బస్సుకు భార్యతో సహా దిగేవాడు. ఇంకా కాలేదా అని సతాయించేవాడు. చక్రం తిప్పి, చెవి దగ్గరగా పెట్టి, బెండు పూర్తిగా పోలేదనేవాడు. చూస్తే నిజంగానే పోయి ఉండేది కాదు. ఫ్రేమును అరచేత్తో నిమిరి, తుప్పు ఎక్కడ మిగిలిందో పట్టుకునేవాడు. తీరా ఏం రంగు వేయాలని అడిగితే, దాన్ని అడుగు అని భార్య వైపు చేయి ఊపాడు. బెల్లు కూడా ఆమె చేతికి అందేట్టు బిగించమన్నాడు.

ఇంత పెండ్లాం చాటు మనిషిని మస్తాన్ వలి ఎన్నడూ చూడలేదు.

బండి రోడ్డెక్కిన రోజు పాతూరంతా నవ్వింది. ముందు కమ్మీ మీద కొత్త పెళ్లికూతురిలా లక్ష్మీనరసమ్మ. ఒక చేయి హ్యాండిల్ మీద, ఒక చేయి బెల్లు మీద. నోటికి విరామం లేదు. "ఎడమకు. గుంత ఉండాది. నిదానం. లారీ వస్తాండాది, ఇంగా పక్కకు రా."

హ్యాండిలైనా నీకు ఇయ్యదా అని టీ హోటల్లో కూర్చున్నవాళ్లు ఈరప్పను అడిగారు. అదే నడిపిస్తాండాదప్పా అని ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆమె మాత్రం తల దించుకుంది. ఆ మాటలకు ఇంటికి పోయి ఏడ్చేదట. తెల్లారకముందే ఆయన చక్రాలకు గాలి కొడుతున్న చప్పుడు వినిపించేది. మళ్లీ వచ్చి కమ్మీ ఎక్కేది.

ఆషాఢంలో ఈరప్ప గుత్తి ప్రయాణం పెట్టాడు. పాత బేరాలన్నీ అక్కడే ఉన్నాయి. బస్సులో పోదామని ఆమె బతిమాలింది. బస్సులో దిగితే ఈరప్ప పని అయిపోయిందనుకుంటారని, సైకిల్ మీద పోతేనే మళ్లీ బేరాలు కుదురుతాయని ఆయన వినలేదు. గేర్లు అంత దూరం ఎట్లా తట్టుకుంటాయో చూడాలని మస్తాన్ వలి కూడా తన సైకిల్ మీద వెంట బయలుదేరాడు. అతని అక్క హుస్సేన్‌బీ ఉండేది గుత్తిలోనే.

గార్లదిన్నె దాటాక గాలి లేచింది. దున్ని, వాన కోసం వదిలేసిన చేలు. ఎర్రటి దుమ్ము గోడలా వచ్చి మీద పడింది. ముగ్గురూ దిగి గాలికి వీపు పెట్టి నిలబడ్డారు.

కాసేపటికి గాలి తగ్గింది. రోడ్డు తేటపడింది. కానీ లక్ష్మీనరసమ్మ కళ్లు తెరవలేకపోయింది. లోపల ఇసుక పడి రెండూ చింతనిప్పుల్లా ఎర్రబడ్డాయి. ఆగకుండా నీళ్లు కారుతున్నాయి.

ఈరప్ప ఒక కాలు పెడల్ మీద పెట్టి, బ్రేకు పట్టుకుంటూ వదులుతూ, అయిందా అయిందా అని అడుగుతూనే ఉన్నాడు. ఆమె సీసాలో నీళ్లతో కొంగు తడుపుకుంటోంది. మస్తాన్ వలికీ తొందరగానే ఉంది. ఎండ ఎక్కితే పామిడి దాకా తొక్కడం కష్టం.

"వదిన కండ్లు మూసుకోని కూచోనీలేన్నా," అన్నాడు. "దావ బాగుండాది. తొక్కేది నువ్వు గదా, ఆమె కండ్లతో నీకేం పని?"

ఈరప్ప పెడల్ మీది కాలు నేలకు దించాడు.

తడి కొంగు కళ్లకు అద్దుకుంటూ లక్ష్మీనరసమ్మే నిదానంగా అంది: "మా ఇద్దరికీ కలిపి ఉండే కండ్లు ఈ రెండే మస్తానూ, కొంచెం తుడుచుకోనీ, పోదాం."