గడ్డ చూసేదానికి వచ్చినామె

“నా గడ్డ ఈడ పెట్టినారంట కదమ్మా. ఎట్లుందో చూసి పోదామని వచ్చినాను.”

హోసూరులో క్యాన్సర్ మీద పరిశోధన చేసే ల్యాబు అది. తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దామె తలుపు దగ్గర నిలబడి ఉంది.

ల్యాబులో పనిచేసే నేహకు నవ్వొచ్చింది. పక్కనే ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు దాచే కోల్డ్ స్టోరేజీ. రైతులు గేటు తప్పి ల్యాబుకు రావడం మామూలే.

“గడ్డలు ఈడ కాదమ్మా. పక్క గేటు.”

“దానికి కరెంటు పెడతా ఉండారంట?”

“కరెంటుకేం, నిమిషం కూడా పోదు.”

“అయినా చెడిపోలేదా?”

“ఎందుకు చెడిపోతుంది? రాయి మాదిరి ఉంటుంది. పూచీ నాది.”

పెద్దామె ముఖం వాడిపోయింది. సరుకు చెడిపోలేదంటే దిగులుపడే రైతును నేహ అంతవరకూ చూడలేదు. కానీ ఆరా తీసేంత తీరిక ఆమెకెక్కడిది?

“నా బిడ్డకు ఏమని చెప్పేది” అని గొణుక్కుంటూ పెద్దామె ఉద్దనపల్లి బస్సుకు వెళ్లిపోయింది.

నేహ మళ్లీ తన గాజుపళ్లెం ముందు కూర్చుంది. అందులోని క్యాన్సర్ కణాలు మహా మొండివి. క్రోమోజోముల కొసల్లో టెలోమియర్లుంటాయి, చీర కొంగుకు వేసే కుచ్చుముడుల్లాగా. రేడియేషన్‌కు ఆ ముడులు ఊడితే పోగులు విడిపోయి కణం చావాలి. ఈ కణాలు మాత్రం ఊడిన ముడిని మళ్లీ వేసేసుకుంటున్నాయి.

“నువ్వో నేనో తేల్చుకుందాం” అంది నేహ వాటితో.

ముడి వేసే ఎంజైమును ముందు మందుతో కట్టేసింది. ఆ తర్వాత రేడియేషన్ పెట్టింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చేసింది. వానలు వెనకబట్టేసరికి పళ్లెంలో ఒక్క కణం మిగల్లేదు.

గంతేసినంత పనిచేసి, ఆ కణాలు పంపిన కృష్ణగిరి డాక్టర్ గోపీనాథ్‌కు ఫోన్ చేసింది.

“సార్, అన్నీ చచ్చినాయి. ఆ గడ్డ ఇచ్చినామెకు నేనే చెప్పాల.”

“నాగక్క పోయిన వారమే చనిపోయిందమ్మా. మీ ల్యాబుకు వచ్చిందంట కదా? గడ్డ రాయి మాదిరి ఉందని మీరే చెప్పినారంట.”

నేహకు తలుపు దగ్గర నిలబడిన పెద్దామె గుర్తొచ్చింది. కరెంటంటే రేడియేషనని ఊళ్లల్లో అందరూ అనే మాటే కదా, ఆ రోజు తనకు తట్టనే లేదు.

“చాలా దిగులు పడిందా సార్?”

“ఒక పూట పడింది. తర్వాత నవ్వేసి, ‘అంత గట్టిదాన్ని ఆ పాప చంపేస్తే, ఇంక నా బిడ్డకొచ్చిన గడ్డ ఒక లెక్కా సార్’ అనింది.”