అరగంట

బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ వీధుల్లోకి వచ్చేసరికి ఉదయం ఎనిమిదైంది.

తొమ్మిదింటికల్లా నడుములోతు నీళ్ళు. సెల్లార్‌లో జనరేటర్ మునిగిపోయింది. రెండో అంతస్తులో డాక్టర్ సింధూరి నడిపే ల్యాబులో కరెంటు పోయింది.

ఆమె బ్యాటరీతో వెచ్చగా ఉండే ఒక పెట్టెను గుండెలకి హత్తుకుని మెట్లు దిగింది. వెనకే టెక్నీషియన్ అబ్రహాము.

పెట్టెలో వెచ్చదనం నాలుగు గంటలే ఉంటుంది. ఆలోగా గన్నవరం దగ్గరున్న ఇంకో ల్యాబుకి చేర్చాలి. ఫ్లైఓవర్ మీద వ్యాను సిద్ధంగా ఉంది. అక్కడిదాకా వెళ్ళడమెలా?

అప్పుడు కనిపించాడు, చిన్న పడవని తాడుతో లాక్కుంటూ వస్తున్న ఒక పెద్దాయన.

"ఏవండీ! పడవ ఇటు తీసుకురండి!"

"కుదరదమ్మా. ఇంట్లో..."

"సామాన్లు తర్వాతైనా తెచ్చుకోవచ్చు. ఇవి పోతే మళ్ళీ రావు!"

ఆయన ఆగాడు. "ఏముందమ్మా అందులో?"

"మెదడు కణాలు. మేమే ల్యాబులో పెంచాం. శనగగింజంత ముద్దలు. తెగిన నరం మళ్ళీ ఎలా మొలుస్తుందో వీటిలోనే చూస్తున్నాం."

"మొలిచిందా?"

"వీటిలోనే మొలిచింది. ఇవి చచ్చిపోతే పది నెలల పని పోతుంది."

"వెన్నులో నరం కూడా మొలుస్తుందా?"

"ఎప్పటికైనా మొలుస్తుంది," సింధూరి విసుక్కుంది. "ఇప్పుడు మీకు పాఠం చెప్పే టైము లేదండీ."

ఆయన వెనక వీధి వైపు చూశాడు. నీళ్ళ వైపు చూశాడు. చాలాసేపు పెట్టెనే చూశాడు.

"ఎంతసేపు?"

"అరగంట. వెంటనే పంపించేస్తాను."

"వెనక వీధిలో పెంకుటిల్లమ్మా. కోటిలింగం ఇల్లంటే ఎవరైనా చెప్తారు. మర్చిపోకండి."

తాడు అబ్రహాము చేతిలో పెట్టి, నీళ్ళు తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఫ్లైఓవర్ దగ్గర పెట్టె వ్యానెక్కింది. అబ్రహాము పడవ తిప్పాడు.

సింధూరి కూడా ఎక్కింది. "పద, కంప్యూటర్లూ కెమెరాలూ తెచ్చేద్దాం."

"మేడమ్, ఆయనకి అరగంటని చెప్పాం."

"కాస్త అటూ ఇటూ అయితే ఏమవుతుంది?"

రెండు ట్రిప్పులు పట్టాయి. మూడోసారి తిరిగొచ్చేసరికి ఒంటిగంట. నీళ్ళు ఛాతీ దాటాయి. వెనక వీధి మొదట్లోనే సుడులు తిరుగుతున్నాయి.

"అటు వద్దు. మన మెట్లకి కట్టేయ్. ఆయనే వచ్చి తీసుకుంటాడు," అంది సింధూరి.

కణాలు బతికాయి. నెల తిరిగేలోగా వాటి నరాల పోగులు ఇంకా సాగాయి. పేపర్లో సింధూరి ఫొటో పడింది. సన్మానానికి కార్డులు అచ్చయ్యాయి.

"పడవాయన్ని కూడా పిలుద్దాం మేడమ్," అన్నాడు అబ్రహాము.

"అవును, పాపం. ఒక శాలువా కప్పుదాం."

ఇద్దరూ వెళ్ళారు. పెంకుటింటి గోడ మీద బురద మరక చూరు దాకా ఉంది. తలుపుకి తాళం.

ఎదురింటి స్టెల్లా బయటికొచ్చింది.

"మీరు ల్యాబువాళ్ళా? ఆ పెట్టెలోవి బతికాయా?"

సింధూరి ఆశ్చర్యపోయింది. "బతికాయండీ. మీకెలా తెలుసు?"

"కోటిలింగం గారు వెళ్తూ వెళ్తూ కనుక్కోమన్నారు. ఈ సాయంత్రం ఫోన్ చేసి చెప్తాను."

"ఎక్కడికెళ్ళారు?"

"మంగళగిరి, చెల్లెలింటికి. కూతురి దినం అవగానే వెళ్ళిపోయారు."

అబ్రహాము తల దించుకున్నాడు.

"ఆయన... పడవ నడుపుతారు కదండీ?" సింధూరి అడిగింది.

"పడవేంటండీ, ఆయన మగ్గం నేసే మనిషి," అంది స్టెల్లా. "నాలుగేళ్ళ కిందట వెన్ను విరిగి మంచాన పడ్డ కూతుర్ని దాటించడానికి ఆ పొద్దున పడవ అరువు తెచ్చుకున్నారు, అది తిరిగొస్తుందని ఎదురుచూస్తూ, చేతులు పడిపోయేదాకా ఆ పిల్లని నీళ్ళకి పైన ఎత్తి పట్టుకునే నిలబడ్డారు."