పామాయిల్ తోట దాటాక

సమాంతర లోకాల కథలు శారద డిగ్రీ రోజుల్లో బోలెడు చదివింది. వాటిలో మనుషులు పెద్ద పెద్ద యంత్రాలెక్కి ఇంకో లోకానికి పోతారు. కూరగాయల సంచీతో ఎవరూ పోరు. అందుకే అశ్వారావుపేట సంతకెళ్లి, పొద్దుగూకాక పామాయిల్ తోటలోంచి అడ్డదారిన ఇల్లు చేరినప్పుడు ఆమెకు ఏ అనుమానమూ రాలేదు.

మొగుడు వీరబాబు వంట చేసి పెట్టాడు. అదొక్కటే వింత. ఎనిమిదేళ్ల కాపురంలో పొయ్యి ఎలా వెలిగించాలో ఆయనకు తెలియదు.

"జల్దీ కూసో. చల్లారితే కదలవు," అన్నాడు.

కదలాల్సినవేవో పళ్లెం చూశాక తెలిసింది. అన్నం మీద బొటనవేలంత తెల్లటి పురుగులు, తోటలో కుళ్లిన చెట్ల మొవ్వుల్లో ఉండేవి, నూనెలో మెరుస్తూ మెల్లగా ముడుచుకుంటున్నాయి. వీరబాబు ఒకటి కొరికాడు. టప్పుమంది. పసుపుపచ్చటి రసం గడ్డం మీదికి కారింది. శారద పళ్లెం అవతలికి నెట్టింది.

"ఛీ! ఏందిది?"

"గట్లంటవేంది? నీకిష్టమనే గద తోటంత తిరిగి ఏరుకొచ్చిన."

ఐదేళ్ల కూతురు దుర్గ వచ్చి ఒళ్లో కూర్చుంది. చెవి కింద పుట్టుమచ్చ తన బిడ్డదే. ఒంటి వాసన మాత్రం ఎన్నడూ ఎరగనిది. పిల్ల ఒళ్లు కాలిపోతోంది.

"మూడొద్దుల సంది ఏం తింటలేదు," అన్నాడు వీరబాబు. "నువ్వు ముందు తింటేనే తింటదంట."

తలుపు తెరిచే ఉంది. బయట తోటలో ఆకు కదలడం లేదు.

దుర్గ లావుపాటిదాన్ని ఏరి పట్టుకుంది.

"అమ్మా, ఆఁ అను."

వెచ్చగా ఏదో శారద పెదవిని తడిమింది.